వడ్డించే చేతికీ ముద్ద ఉండాలి



పేద ఇంట్లో అందరూ తిన్నాక గర్భిణికి మిగిలేది అడుగు అన్నం, నీళ్లచారు. అలా తినడమే ఆమె ధర్మమా? కాదు. లంగర్‌లో వడ్డించినవారు ఆలస్యంగా తిన్నా, వారికీ అదే పప్పు, అదే రొట్టె.

మాతా ఖీవీ జీ లంగర్‌లో నెయ్యి వేసిన ఖీర్ ఉండేదని గురు గ్రంథ్ సాహిబ్ చెబుతోంది. అంటే కడుపు నిండితే చాలదు, ఒంటికి బలమూ అందాలి. గురుపర్వం నాటి ఒక్క భోజనంతో ఆ బలం రాదు.

మన బస్తీలోనైనా, పక్క పల్లెలోనైనా అలాంటి తల్లి ఉంటే, మన దస్వంధ్‌లోంచి పప్పు, వేరుశనగలు, బెల్లం నెలనెలా ఆ ఇంటికి చేరాలి. కులం అడగవద్దు. మనం చేసే ఇనుప కడాయి ఒకటి ఇద్దాం. అందులో వండిన కూరకు కొంత ఇనుము పడుతుంది.

ఇది దానం కాదు, వండ్ ఛక్‌నా. తీసుకునేవారు తల వంచనక్కర్లేదు. పంగత్‌లో అందరిదీ ఒకే వరుస.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతేహ్!