వరుణుడు జవాబు చెప్పలేదు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే రేపల్లె నుంచి తెనాలి వచ్చే రైల్లోనూ, బాపట్ల స్టేషన్లోనూ ఒకటే మాట: ఎంపీసీయా, బైపీసీయా? మాట్లాడేది ఎక్కువగా పెద్దవాళ్లే. మార్కులెన్ని అని పిల్లవాణ్ణి అందరూ అడుగుతారు. ఏ పని చేస్తుంటే నీకు పొద్దు తెలియదని అడిగేవారు అరుదు.

కొడుకును తానే తెలుసుకోనిచ్చిన తండ్రి కథ ఒకటుంది. తైత్తిరీయోపనిషత్తులో భృగువు తన తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్లి బ్రహ్మమంటే ఏమిటో చెప్పమన్నాడు. వరుణుడు గుర్తు చెప్పాడు, జవాబు చెప్పలేదు. తపస్సు చేసి నువ్వే తెలుసుకోమన్నాడు. కొడుకు అన్నమే బ్రహ్మమని తెలుసుకుని తిరిగొచ్చాడు. తండ్రి ఔననలేదు, కాదనలేదు. మళ్లీ తపస్సు చెయ్యమన్నాడు. తర్వాత ప్రాణం, మనసు, విజ్ఞానం. ప్రతిసారీ అదే మాట. అయిదోసారి ఆనందం తెలిశాక భృగువు ఇక అడగడానికి రాలేదు.

మొదట దొరికింది అన్నం కావడం చూడండి. కౌలు సేద్యంలో నలిగిన తండ్రి ‘ముందు బతుకుతెరువు చూసుకోరా’ అంటే అది చిన్న మాట కాదు. అన్నాన్ని నిందించకపోవడం వ్రతమని అదే ఉపనిషత్తు చెప్పింది. అయితే భృగువు అన్నం దగ్గర ఆగలేదు. మన ఇళ్లలో మాత్రం జీతమెంత అన్న ప్రశ్నతో మొదలైన ఆలోచన అక్కడే ముగిసిపోతోంది. నా బాధంతా అదే.

జీతంతోపాటు పని పెద్దదా చిన్నదా అన్న లెక్క కూడా అడ్డొస్తుంది. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోళ్ల శాస్త్రాన్ని జీవితమంతటి పనిగా తీసుకున్నారు. తోలు పనిని సంఘం చిన్నచూపు చూసిన రోజులవి. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను నడిపించారు, 1971లో దేశంలోని శాస్త్ర పరిశోధన మండలికే అధిపతి అయ్యారు. 1985లో కనిష్క విమానంలో బాంబు పేలినప్పుడు పోయారు. మహాభారతంలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గర కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం నేర్చుకున్న కథ మనం విన్నదే. వృత్తిలో ఎక్కువ తక్కువలు చూసే కన్నే ముందు మారాలి.

మరి పదిహేనేళ్ల పిల్లలకు తపస్సు ఏమిటి? రాత్రి ఫోను పక్కన పెట్టి కాసేపు ఒంటరిగా కూర్చోవడం. ఎవరూ చెప్పకుండానే తాను తెరిచే పుస్తకం ఏదో, స్నేహితుడు చేరుతున్నాడని మాత్రమే తనకు నచ్చిన కోర్సు ఏదో విడదీసి చూసుకోవడం. చుట్టూ ఉన్న పనులను దగ్గరగా చూడటమూ అందులో భాగమే. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. నిజాంపట్నం రేవులో పడవలు నడిపేవారూ, మరమ్మతు చేసేవారూ ఉన్నారు. తెనాలిలో ఆస్పత్రులున్నాయి. ఆ పనుల్లో ఉన్నవారిని కలిసి, వారి రోజు ఎలా గడుస్తుందో అడగవచ్చు. అలా అడిగి వచ్చాక మనసు ఎటు లాగుతోందో గమనించుకోవాలి.

అమ్మానాన్నలకు ఒక మనవి. మీ అబ్బాయో అమ్మాయో ఒక కోర్సు పేరు చెబితే, ఎందుకని అడగండి. సరైన కారణం చెప్పలేకపోతే కోప్పడకుండా ‘ఇంకా ఆలోచించమ్మా’ అనండి. వారం తిరక్కుండా వేరే జవాబుతో వచ్చినా విసుక్కోకండి. భృగువు నాలుగుసార్లు తిరిగొచ్చాడు. మొన్న ఇంకోలా చెప్పావు కదా అని వరుణుడు ఒక్కసారి కూడా అనలేదు.