ఇంటివారి మాట

ప్రియులారా, మన ప్రభువునే ఆయన స్వజనులు మతితప్పినవాడనిరి (మార్కు 3:21). ఆ మాట బరువు ఆయన యెరుగును. మన యిండ్లలో మనోవ్యాధితో బాధపడువారు దానిని దినదినము వినుచున్నారు.

1972లో లండను పరిశోధకులు ప్రచురించిన సంగతి ఆలకించుడి. స్కిజోఫ్రీనియా నుండి తేరుకొని యిల్లు చేరినవారిలో, నిందలును ఎత్తిపొడుపులును ఎక్కువగానున్న యిండ్లవారికే వ్యాధి మరి యెక్కువగా తిరుగబెట్టెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక వైద్యశాలలో రోగితోకూడ ఇంటివారును బసచేసి, వ్యాధిని గూర్చి నేర్చుకొందురు.

తల్లులారా, తండ్రులారా, ఈ వ్యాధి మీ పెంపకపు దోషము కాదు. అయినను దాని బరువు తగ్గించుట కొంత మీ నాలుకయందున్నది. ప్రార్థించుడి, మందు మాన్పింపకుడి. నిద్ర తగ్గి మాటలు మితిమీరినయెడల ఆలస్యము చేయక వైద్యునికి చూపుడి. కసరక, ఒక్కొక్క మాటయే నెమ్మదిగా చెప్పుడి. సంఘస్థులారా, ఆ యింటి గడప తొక్కుటకు వెనుదీయకుడి. ఆమేన్.