వెలయు విలువయు

వస్తువునకు వెల యొకటి, విలువ యొకటి. ఈ రెండును ఒక్కటే యని మనము సామాన్యముగా భావింతుము. బజారు సాఫీగా సాగునంత కాలము ఈ భ్రమవలన పెద్ద హాని లేదు. దేశమున ధనము కొరతపడి, వర్తకము సన్నగిల్లి, ఉద్యోగములు ఊడుచున్నప్పుడు మాత్రము వెల యొక దారిని, విలువ యొక దారిని పోవుట స్పష్టముగా కనబడును. అమెరికాలో జరుగు పాత తుపాకుల వేలములు ఇందుకు మంచి నిదర్శనము. తుపాకికిని ధర్మవిచారమునకును ఏమి సంబంధమని పాఠకులు శంకింపవచ్చును. కొంచెము ఓపిక పట్టుడని మనవి.

ఆ దేశమున పురాతనాయుధములను సేకరించుట చిరకాలముగా నున్న వేడుక. వానిని వేటకు గాక, చూచి ముచ్చటపడుటకును, చరిత్రను చేత బట్టుకొన్నామను తృప్తికిని కొందురు. అట్టి వస్తువు అన్నము పెట్టదు, బట్ట యియ్యదు. కనుక గడ్డుకాలము వచ్చినప్పుడు దాని వెలయే మొట్టమొదట పడిపోవలెనని తర్కము చెప్పును. జరిగినది వేరు.

2008 సెప్టెంబరు 15వ తేదీన లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా తీసినది. మరుసటి నెలలో న్యూయార్కు షేర్ల ధరలు ఒక్క వారములోనే నూటికి 18 వంతులు కూలినవి. ఆ అక్టోబరులోనే మెయిన్ రాష్ట్రపు ఫెయిర్‌ఫీల్డు పట్టణములో వాకర్ కోల్టు రివాల్వరు ఒకటి వేలమున 9,20,000 డాలర్లు పలికినది. 1847లో, మెక్సికో యుద్ధకాలమున, శామ్యూల్ కోల్టు చేయించిన ఆ రకపు రివాల్వర్లు మొత్తము 1,100 మాత్రమే. ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి యన్నట్లు, అన్నిటి ధరలును దిగుచుండగా దీని ధర పైకి పోయినది.

కారణమేమి? వేలమున వెలను నిర్ణయించువారు లోకులందరు గారు; కడవరకు నిలిచిన ఇద్దరే. ఆ యిద్దరును ధనవంతులై, బ్యాంకులపై నమ్మకము చెడి, చేతికి తగులు వస్తువులో సొమ్ము దాచుకొనగోరినచో, మాంద్యమే వెలను పెంచును. ఇక 1894 నమూనా వించెస్టరు తుపాకిని తలచుకొందము. అట్టివి 70 లక్షలకు పైగా తయారైనవి. దానిని ముచ్చటపడి కొనువాడు సాధారణముగా జీతముపై బ్రదుకువాడు. జీతము పోయిన నాడు అతడు క్రొత్తది కొనడు సరికదా, గోడకు తగిలించిన దానిని కూడ దించి అమ్మకమునకు పంపును. కొనువారు తగ్గుదురు, అమ్మువారు పెరుగుదురు, వెల దిగిపోవును. అరుదైన దాని యజమాని మంచికాలము వచ్చువరకు వేచియుండగలడు. సామాన్యమైన దాని యజమాని వేచియుండినను అతని యింటి అద్దె వేచియుండదు. కాబట్టి గడ్డుకాలము పరీక్షించునది తుపాకిని గాదు. దాని యజమాని ఎన్నాళ్లు ఆగగలడో దానిని.

ఇచ్చట ధర్మసందేహము పుట్టును. ఇట్లు ఇక్కట్టులో పడి అమ్ముకొనువాని సొత్తును తక్కువ వెలకు కొనుట న్యాయమా? న్యాయమే యనువారి వాదము తేలికగా త్రోసివేయదగినది గాదు. వేలము పదుగురి యెదుట జరుగును, బలాత్కారము లేదు, నేను పాట పాడకున్న వానికి ఇంకను తక్కువ వచ్చెడిది. ఇది నిజము. ఇంతకంటె తక్కువకు అమ్మనని కనీసధరను నిర్ణయించుకొను హక్కును అమ్మువానికి ఉండవచ్చును. కాని ఆ హక్కు వస్తువును మరల ఇంటికి తీసికొనిపోగలవానికే ఉపయోగము. ఆకలితో వచ్చినవానికి అది కాగితముపై హక్కు.

నా బుద్ధికి తోచినంతవరకు, కొనుటలో పాపము లేదు. పాపము రెండుచోట్ల నున్నది. వస్తువు సంగతి తనకు తెలిసి, అమ్మువానికి తెలియదని యెరిగి, మౌనము వహించుట ఒకటి. పడిపోయిన వెలను చూపి, నీ సొత్తు విలువ యింతే, నీ వింతే యని తీర్పు చెప్పుట రెండవది. మొదటిది సొమ్మును హరించును. రెండవది మానమును హరించును.

ఈ విషయము మనకు దూరమైనది గాదు. బెంగళూరు, మైసూరు ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి శ్రీరంగపట్టణము పొరుగూరే. 1799 మే 4వ తేదీన ఆ కోట పడిపోగా టిప్పుసుల్తాను ఆయుధములు పెక్కు సముద్రము దాటినవి. 2015లో లండనులో ఆయన తుపాకులు, కత్తులు మొదలగు 30 వస్తువులు 60 లక్షల పౌండ్లకు పైగా పలికినవి. 2023 మే నెలలో ఆయన శయ్యాగృహపు ఖడ్గ మొక్కటే 1 కోటి 40 లక్షల పౌండ్లకు పోయినది. అప్పుడు బ్రిటనులో ఆహారపదార్థముల ధరలు ఏడాదిలో నూటికి 18 వంతులకు పైగా పెరిగి, సామాన్యుడు రొట్టెకు లెక్క చూచుకొనుచుండెను. ఆ ధనములో ఆయుధమును మలచిన కమ్మరి కూలికి గాని, కోటగోడ క్రింద కూలిన భటుని ప్రాణమునకు గాని చేరినది ఒక్క కాసును లేదు. వెల వానిని లెక్కింపదు; లెక్కింపజాలదు.

కరవు కాలమున చేతి గాజులు తూకమునకు వేసిన తల్లులు మన యిండ్లలోను ఉండిరి. కంసాలి త్రాసు బంగారమును తూచినది, తరుగు తీసివేసినది. ఆ గాజులు ఎవరి పెండ్లినాటివో త్రాసునకు తెలియదు, తెలియుట దాని పనియు గాదు. త్రాసు ముందు కూర్చున్న మనుష్యునకు మాత్రము అది తెలిసియుండవలెను.