బ్యాటరీ 40 శాతం ఉంది... ఇది సత్యమేనా?

 

పతంజలి చెప్పిన ఐదు యమాల్లో రెండోదైన సత్యం గురించి గత వారం వీడియోలో మాట్లాడుకున్నాం. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే సత్యం అని తేలిగ్గా అనేస్తాం. మరి ఉన్నది ఎంతో మనకే సరిగ్గా తెలియనప్పుడు? ఈ ప్రశ్నని ఇవాళ ఒక చిన్న వస్తువు దగ్గర పెట్టి చూద్దాం. వైర్‌లెస్ సెక్యూరిటీ కెమెరా, అది చూపించే బ్యాటరీ శాతం.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా గుంటూరు, ప్రకాశం వైపు మిరపకాయలు కళ్లాల్లో ఎండుతుంటాయి. ఏడాది కష్టమంతా నేల మీద ఎర్రగా పరిచి ఉంటుంది కాబట్టి రాత్రిళ్లు ఎవరో ఒకరు మంచం వేసుకుని అక్కడే కాపలా పడుకోవాలి. పర్చూరు దగ్గర మా పెదనాన్న కళ్లంలో ఇప్పుడు సోలార్ ప్యానెల్‌తో నడిచే సిమ్ కెమెరా ఒకటి ఉంది. యాప్ మాత్రం హైదరాబాద్‌లో మా అన్నయ్య ఫోన్‌లో. పెదనాన్నకి 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సాయంత్రం ఫోన్ చేసి, "ఏరా, ఇవాళ ఇంటికాడ పడుకోనా?" అని అడుగుతారు. అన్నయ్య యాప్ చూసి, "40 ఉంది నాన్నా, ఇంటికెళ్లి పడుకో" అంటాడు. మార్చిలో ఒక రోజు అలాగే చెప్పాడు. రాత్రి పదకొండున్నరకి కెమెరా ఆగిపోయింది. ఆ రాత్రి ఒక్క కాయ కూడా పోలేదు, అది వేరే సంగతి.

ఇందులో అబద్ధం ఎవరు చెప్పినట్టు?

ముందు ఆ 40 ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. బిందెలోకి తొంగి చూసి నీళ్లెన్ని ఉన్నాయో చెప్పినట్టు, బ్యాటరీలోకి చూసి చెప్పడం కుదరదు. చాలా కెమెరాలు వోల్టేజ్ కొలిచి, దాన్నిబట్టి శాతాన్ని అంచనా వేస్తాయి. మామూలు లిథియం అయాన్ సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, ఖాళీ అయ్యేసరికి సుమారు 3. లెక్క తేలికే అనిపిస్తుంది కదా! కానీ మధ్యలో వోల్టేజ్ చాలా నెమ్మదిగా తగ్గుతుంది, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. ఆ మధ్య భాగంలో వోల్టేజ్ కొలతలో చిన్న తేడా వచ్చినా శాతంలో పెద్ద తేడా కనిపిస్తుంది. పైగా చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి, వీడియో పంపడం మొదలైతే వోల్టేజ్ కాసేపు కుంగుతుంది, పని ఆగాక మళ్లీ లేస్తుంది. అందుకే రాత్రి 25 చూపించిన కెమెరా తెల్లారి ఎండ రాకముందే 30 చూపించొచ్చు. కొన్నింట్లో లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన కరెంటుని లెక్కపెట్టే చిప్ ఉంటుంది. అది మెరుగే. కానీ ఆ లెక్కలో చిన్న చిన్న తేడాలు రోజూ పోగవుతాయి. బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడో, పూర్తిగా అయిపోయినప్పుడో తప్ప వాటిని సరిచేసుకోవడం కష్టం.

ఇక మన ఎండలు. మామూలు లిథియం సెల్స్‌ని సుమారు 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చెయ్యకూడదు, అందుకని చాలావాటిలో రక్షణ సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేస్తుంది. మిట్టమధ్యాహ్నం కళ్లంలో ఉన్న ప్లాస్టిక్ డబ్బా లోపల ఆ వేడి ఎంతసేపు! అంటే ఎండ బాగా కాసిన రోజే ఛార్జ్ తక్కువ ఎక్కొచ్చు.

మన శాస్త్రాల భాషలో చెప్పాలంటే ఆ 40 ప్రత్యక్షం కాదు, అనుమానం. అనుమానం అంటే ఇక్కడ డౌట్ కాదండోయ్, పొగని చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం. కెమెరా అనుమానించింది. అన్నయ్య దాని మాట విన్నాడు, అంటే అతనికి అది శబ్దం. పెదనాన్న దగ్గరికి చేరేసరికి కొడుకు కళ్లారా చూసి చెప్పినంత గట్టి మాట అయిపోయింది. దారిలో అంకె మారలేదు, దాని బలం మారిపోయింది.

యోగసూత్రాలకి వ్యాసభాష్యం సత్యాన్ని వివరిస్తూ, చూసింది చూసినట్టు, ఊహించింది ఊహించినట్టు, విన్నది విన్నట్టు మనసూ మాటా ఉండాలంటుంది. ఎదుటివాడిని మోసపుచ్చేలా మాట ఉండకూడదని కూడా అంటుంది. ఆ చోట వాచస్పతి మిశ్రుడు ఇచ్చిన ఉదాహరణ ఎవరో తెలుసా? ధర్మరాజు! అశ్వత్థామ చచ్చాడని గట్టిగా, ఏనుగు అని మెల్లగా. విడివిడిగా చూస్తే ఏ మాటా తప్పు కాదు, కానీ ద్రోణుడికి చేరింది తప్పు. అందుకే నేలకి నాలుగు అంగుళాల పైన నడిచే ఆయన రథం కిందికి దిగింది. యాప్‌లో 40 అని పెద్ద అక్షరాల్లో చూపించి, సుమారు అన్న మాటని మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో పెట్టడం కూడా నాకు ఆ "ఏనుగు"లాగే వినిపిస్తుంది.

ధర్మరాజుకి తెలుసు, కెమెరాకి తెలియదు, ఆ తేడా ఉంది. యంత్రానికి పాపం అంటగట్టలేం. కానీ ఆ తెరని డిజైన్ చేసినవాళ్లకి తెలుసు. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా చెబుతున్నా, "30 నుంచి 50 మధ్య" అని చూపిద్దామంటే మీటింగ్‌లో ఎవరికీ నచ్చదు. ఒక్క అంకె చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కొన్ని కెమెరాలు శాతమే చూపించవు, బాగుంది లేదా తక్కువగా ఉంది, అంతే. చెప్పేది తక్కువే అయినా సత్యానికి అవే దగ్గరని నాకనిపిస్తుంది.

అన్నయ్య చేతిలో ఉన్నది మాత్రం తేలికైన పనే. "40 ఉంది" బదులు "యాప్ 40 అంటోంది, పావుగంట క్రితం దాకా వీడియో వచ్చింది" అనొచ్చు. వీడియో వచ్చిన టైమ్ అతను కళ్లతో చూసింది. దాన్నిబట్టి కళ్లానికి వెళ్లాలో వద్దో పెదనాన్న తేల్చుకుంటారు.

ఇంకో మాట అనేవాళ్లున్నారు. కావాలనే తక్కువ చూపిస్తే పోలా? 40 ఉన్నప్పుడు 25 అని చూపిస్తే జనం ముందే ఛార్జ్ పెట్టుకుంటారు, గడియారం పది నిమిషాలు ముందుకి పెట్టుకున్నట్టు. భాష్యం కూడా మాట ప్రాణులకి మేలు చెయ్యాలంటుంది కదా అని వాళ్ల వాదన. ఆలోచించాల్సిన మాటే. కానీ మన గడియారం మనమే ముందుకి తిప్పుకుంటాం, మనకి తెలిసే. ఇక్కడ తెలియకుండా తిప్పేది వేరేవాళ్లు. పైగా రెండు నెలల్లో జనానికి అర్థమైపోతుంది, "ఇదెప్పుడూ తక్కువే చూపిస్తుందిలే" అని వదిలేస్తారు. నిజంగా 25 ఉన్న రాత్రి కూడా అదే మాట అనుకుని ఇంటికెళ్లి పడుకుంటారు.

వచ్చే వారం మూడో యమం, అస్తేయం.