కారణమడిగిన ప్రభువు



ప్రధానార్చకుని ఎదుట ఒక బంట్రౌతు ప్రభువు చెంపమీద కొట్టాడు. ప్రభువు తిరిగి కొట్టలేదు. అలాగని ఊరుకోనూ లేదు. నేను తప్పు మాట్లాడితే చూపించు, లేకుంటే ఎందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). చేయెత్తకుండా కారణమడగడం క్రీస్తు మార్గం.

మన స్టేషన్ ఘన్‌పూర్‌తో సహా పాత వరంగల్ జిల్లాకు ఈ మాట ఎంతో అవసరమైనది. కొడుకు అడవిలోకి వెళ్ళి ఎన్‌కౌంటరులో పోయిన తల్లీ, కొడుకు పోలీసుగా వెళ్ళి మందుపాతరకు బలైన తల్లీ ఈ నేలమీదే ఏడ్చారు.

ఆ రోజుల్లో ఇరువైపులా కారణమడిగినవారు కొందరున్నారు. ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారిని 1987లో గుర్తేడు వద్ద నక్సలైట్లు బందీగా పట్టుకున్నారు. అయినా పదవీ విరమణ తరువాత, 1997లో, ఆయన మరికొందరు పెద్దలతో కలిసి శాంతికోసం పౌరస్పందన వేదికను నడిపారు. చట్టాన్ని మీరవద్దని ప్రభుత్వాన్నీ, ప్రాణాలు తీయవద్దని నక్సలైట్లనూ అడిగారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ఇరుపక్షాలూ చర్చలకు కూర్చున్నాయి. 2005 జనవరికల్లా అవి చెడిపోయాయి. తుపాకులు మళ్ళీ మోగాయి.

ఆ అడగడం వృథా పోయిందా? లేదు. పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 2009 ఫిబ్రవరి 6న మన హైకోర్టు, ఎన్‌కౌంటరు మరణంపై కేసు నమోదు చేయాలనీ, ఆత్మరక్షణ అవునో కాదో తేల్చవలసింది న్యాయస్థానమనీ తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు దానిని నిలిపివేసినా, 2014లో తానే ఇటువంటి మరణాలపై కేసు, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి చేసింది. భారతదేశం అంగీకరించిన 1949 నాటి జెనీవా ఒప్పందాల మూడవ అధికరణం కూడ, దేశంలోపలి సాయుధ పోరులో సైతం ఆయుధం విడిచినవారిని, గాయపడినవారిని, పట్టుబడినవారిని చంపరాదంటుంది. ఆ నియమం ఇరుపక్షాలకూ వర్తిస్తుంది.

2025లో ములుగు సరిహద్దు కర్రెగుట్టలలో కాల్పులు సాగుతున్నప్పుడు, విశ్రాంత న్యాయమూర్తి చంద్రకుమార్ గారి శాంతి చర్చల కమిటీ మళ్ళీ అదే అడిగింది: కాల్పులు ఆపండి, మాట్లాడుకోండి.

నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలాకాలం క్రితం ఒక ఆదివారం పూజలో, చనిపోయిన పోలీసులకోసం విశ్వాసుల ప్రార్థన చెప్పించాను. అదే వారం ఎన్‌కౌంటరులో పోయిన యువకుని తలచడానికి భయపడ్డాను. అతని తల్లి ఆ పూజలోనే ఉంది. పూజయ్యాక ఏమీ అనకుండా దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆమె కారణమడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

ప్రభుత్వాన్ని కారణమడగడం దేశద్రోహం కాదు. తుపాకి పట్టినవారిని కారణమడగడం పేదలకు ద్రోహమూ కాదు. ఇకమీదట ఎన్‌కౌంటరు వార్త చదివినప్పుడు సంతోషించకండి. కేసు నమోదయిందా, విచారణ జరిగిందా అని అడగండి. మందుపాతర వార్త విన్నా అంతే, సమర్థించకండి. సాయంత్రం కుటుంబ జపమాలలో రెండువైపుల మృతులనూ తలచండి.

శాంతికర్తలను దేవుని బిడ్డలని పిలిచిన ప్రభువు మనకు ఆ ధైర్యాన్ని దయచేయునుగాక. ఆమెన్.