అసలు రసం

కిందటేడు సింగపూర్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, ఓ సాయంత్రం అల్లుడు నన్ను రాఫెల్స్ హోటల్‌కి తీసుకెళ్ళాడు. "ఊరికే చూసొద్దాం రండి మామయ్యగారూ" అన్నాడు. సర్కీస్ అనే అర్మేనియన్ సోదరులు 1887లో తెరిచిన హోటలది. అందులో లాంగ్ బార్ అని ఒకటుంది. బల్ల మీద వేరుశెనక్కాయలు పెడతారు, తిని తొక్కలు నేల మీదే పడేయొచ్చు. రోడ్డు మీద కాగితం పడేస్తే జరిమానా వేసే ఊళ్ళో ఇదో ఆచారం!

అక్కడికి వెళ్ళినవాళ్ళు సింగపూర్ స్లింగ్ తాగకుండా రారట. గులాబీ రంగు, పైన నురగ. జిన్, చెర్రీ బ్రాందీ, అనాస రసం, నిమ్మరసం, ఇంకా ఏవో రెండు మూడు కలుపుతారు. హైనాన్ నుంచి వచ్చిన న్గియామ్ టాంగ్ బూన్ అనే బార్‌టెండర్ 1915లో దీన్ని కనిపెట్టాడని చెబుతారు. ఆడవాళ్ళు నలుగురిలో మందు తాగితే తప్పుపట్టే రోజులు గనుక, చూసేవాళ్ళు పళ్ళరసం అనుకునేలా తయారుచేశాడట.

"ఇది ఆయన చేసినదేనా, బాబూ?" అని అడిగాను. అల్లుడు ఫోన్‌లో వెతికాడు. 1922లో రాబర్ట్ వెర్మీర్ రాసిన పుస్తకంలో స్ట్రెయిట్స్ స్లింగ్ అని ఉంది, 1930 నాటి సవోయ్ పుస్తకంలో సింగపూర్ స్లింగ్ పేరే ఉంది. రెండింట్లోనూ నిమ్మరసమే గాని అనాస ఊసు లేదు. "మరి ఇదెక్కడి అసలు?" అని నవ్వాను. నవ్వానే గాని, ఆ మాట నాకే తగిలింది.

మాది నూజివీడు దగ్గర పల్లె. 2022 నుంచి ఏలూరు జిల్లా అంటున్నారు, మా నోటికి ఇంకా కృష్ణా జిల్లానే వస్తుంది. మాకున్న నాలుగెకరాల తోటలో మా తాత తన చేత్తో అంటు కట్టి నాటిన చిన్నరసాల చెట్లున్నాయి. ఏటా వేసవిలో హైదరాబాదులో తెలిసినవాళ్ళకి పెట్టెలు పంపుతాను. ప్రతి పెట్టెలో ఒక చీటీ పెడతాను: 'మా తాతగారి చెట్ల కాయలు.' పిసికి, ముచ్చిక తీసి జుర్రుకునే ముందు పిల్లలకి ఆ చీటీ చదివి వినిపిస్తామని ఒకావిడ చెప్పింది.

మూడేళ్ళ కిందట పూత మాడిపోయింది. మాట ఇచ్చేశాను కదా అని పక్క ఊరి తోటలో కాయ కొని పంపాను. చీటీ మాత్రం మార్చలేదు. కాయ బాగుంది. ఎవరూ ఏమీ అనలేదు సరికదా, "మీ తాతగారి చెయ్యి మహత్తండీ" అని ఫోన్ చేశారు.

అప్పుడు నన్ను నేను ఇలా సమాధానపరచుకున్నాను. మామిడి టెంక పాతితే తల్లి లాంటి కాయే వస్తుందన్న పూచీ లేదు. అందుకే నాటు మొక్క కాండానికి మంచి చెట్టు పుల్ల అతికి కడతారు. వేరు నాటుదైనా కాయ ఆ పుల్లదే. అంటే చిన్నరసాలన్నీ ఏదో తల్లి చెట్టు కొమ్మలేగా! మా తాత చెట్టయితేనేం, పక్కూరి చెట్టయితేనేం?

ఈ వాదానికి జవాబు మిళిందపన్హలో దొరికింది. నాగసేనుడు రాజుకి ఒక మామిడిపళ్ళ దొంగ కథ చెబుతాడు. "ఆసామి పాతిన కాయ వేరు, నేను కోసిన కాయ వేరు, కాబట్టి నేను దొంగని కాను" అంటాడు దొంగ. రాజు ఒప్పుకోడు. ఈ కాయ ఆ కాయ కాకపోయినా, దాన్నించి పుట్టిందే కదా అంటాడు. రెండూ ఒకటేనా అన్నది కాదు, ఒకదాన్నించి ఒకటి వచ్చిందా అన్నది చూడాలన్న మాట.

ఆ కొలతతో చూస్తే, లాంగ్ బార్‌లోని గులాబీరంగు గ్లాసు నా పెట్టె కంటే నిజాయితీగా ఉంది. నిమ్మ పోయి అనాస వచ్చినా (రెండూ కలిసినా) అది చేతులు మారుతూ, మారుతూ వచ్చిన వస్తువు. మారడం అబద్ధం కాదు. నా కాయలో రుచి ఏమీ మారలేదు, కానీ అది మా తాత చేతి నుంచి రాలేదు. నేను అమ్మింది చిన్నరసాలని కాదు, ఆ చేతిని. నా గిరాకీలు చెట్టు దగ్గరికి వచ్చి చూడలేరు, నా మాటే వాళ్ళకి చూపు. రుచి బాగుంటే చాలు కదా అనడం, కళ్ళు లేనివాడికి చిల్లర తక్కువిచ్చి, "సరుకు మంచిదే కదా" అనడం లాంటిది.

ఈ వేసవిలో కూడా కాపు సగమే. సగం పెట్టెల్లో చీటీ మార్చాను: 'ఇవి పక్క ఊరి తోటవి. మా చెట్లు ఈ ఏడు సరిగా కాయలేదు. మూడేళ్ళ కిందట కూడా ఇలాగే పంపాను, అప్పుడు చెప్పలేదు.' ఇద్దరు మళ్ళీ పెట్టెలు అడగలేదు. చీటీ చదివి వినిపించే ఆవిడ మాత్రం ఫోన్ చేసింది.

"మరి పిల్లలకి ఏం చెప్పమంటారండీ?" అంది.

"చీటీలో ఉన్నదే చదవండమ్మా" అన్నాను.