సంగీతం పాడని బండి

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. వెనకటి రోజుల్లో ఎడ్లబండి ఇరుసుకి, గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి రాసేవారు. ఆ కందెన ఎండిపోయిందంటే బండి ఊరంతా వినబడేలా రాగం తీసేది. ఆ రాగం భరించలేక బండివాడు దిగి కాస్త కందెన రాసేవాడు. అంటే ఏమిటన్నమాట? ఏడ్చిన బండికి ఆముదం దొరికింది. మరి ఏడవని బండి గతేమిటని సామెత చెప్పిన పెద్దలు ఆలోచించినట్టు లేదు. వాళ్ళని తప్పు పట్టడానికి వీల్లేదు లెండి, ఆ రోజుల్లో ఏడవని బండి లేదు.

ఇప్పుడుంది. గాజువాకలో మా వరండాలోనే ఉంది. అది మా మరిది మోటారు సైకిలు.

పాతకాలపు మోటారు సైకిళ్ళు మీకు గుర్తుండే ఉంటాయి. రాజ్‌దూత్, ఎజ్‌డి, బుల్లెట్ - ఏది చూసినా వెనక చక్రానికి అటొకటీ ఇటొకటీ స్ప్రింగులు తళతళా మెరుస్తూ ఉండేవి. ఆదివారం పూట మగవాళ్ళు పాత బనీను ముక్క పుచ్చుకుని వాటిని అద్దంలా తుడిచేవారు. 1970ల మొదట్లో లూసియన్ టిల్కెన్స్ అనే బెల్జియం ప్రొఫెసరు ఆలోచనని యమహా కంపెనీ తీసుకుని, రెండు స్ప్రింగుల బదులు ఒక్కటే పెట్టి, దాన్ని బండి మధ్యలోకి చేర్చేసింది. 1973లో అలాంటి బండిమీదే హాకన్ ఆండర్సన్ అనే స్వీడన్ అతను బురదలో, గుట్టల మీద జరిగే పందేల్లో ప్రపంచ విజేత అయ్యాడు. 1980 ప్రాంతాల్లో కవాసాకీ, హోండా కంపెనీలు ఆ ఒంటి స్ప్రింగుకి తోడుగా, అడుగున కొన్ని కీళ్ళున్న చిన్న అమరిక ఒకటి చేర్చాయి. దాన్నే లింకేజి అంటారు. మన దేశంలో 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కి కూడా ఆ ఏర్పాటే ఉంది. బండి ప్రయాణం సుఖంగానే మారింది గాని, తుడుచుకోవలసిన వస్తువు మాత్రం కంటికి కనబడని చోటికి వెళ్ళిపోయింది.

ఈ లింకేజి చేసే పని వింటే మీకు ఎవరో ఒకరు గుర్తొచ్చి తీరతారు. చిన్న గతుకు వస్తే మెత్తగా లొంగుతుంది. పెద్ద గుంట వస్తే, చక్రం పైకి లేచినకొద్దీ స్ప్రింగు అంతకంతకీ బిగిసేలా చేసి నిలబడుతుంది. చిన్న మాటలకి సర్దుకుపోయి, పెద్ద కష్టానికి గట్టిగా నిలబడే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు చూడండి, అలాగన్నమాట. ఆ మనిషిలాగే ఇదీ నలుగురి కంటా పడదు. ఇంజను వెనకగా, వెనక చక్రానికి ముందు, ఎక్కడో అడుగున ఉంటుంది. చక్రం చిమ్మే బురదా నీళ్ళూ దానికే.

ఇక మా ఊరి గాలి సంగతి చెప్పాలా? దగ్గర్లోనే సముద్రం, పోర్టు, స్టీలు ప్లాంటు. కిటికీ ఊచలకి రంగు వేసి రెండేళ్ళు తిరక్కుండానే పొక్కులు లేస్తాయి. ఇనుముకి నీరూ గాలీ తగిలితేనే తుప్పు. దానికి ఉప్పు తోడైతే ఇక అడగాలా!

అందుకని మా మరిది ఏటా వానలు వెనకపట్టాక, కార్తీకంలో ఒక సెలవునాడు ఈ పని పెట్టుకుంటాడు. “వదినా, పాత స్టీలు పళ్ళెం ఒకటి ఇవ్వవూ” అంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడంటే ఆ రోజు వచ్చిందన్నమాటే. ఇంజను కింద దిమ్మా జాకీ పెట్టి వెనక చక్రం మీద బరువు లేకుండా బండిని ఎత్తుతాడు. బోల్టులు ఒక్కొక్కటే విప్పి, ఏది ఎక్కడిదో తెలిసేలా పళ్ళెంలో వరసగా పేరుస్తాడు. కీళ్ళలోంచి చిన్న చిన్న ఉక్కు గొట్టాలు బయటికి లాగితే, లోపల సేమ్యా తుంచి గుండ్రంగా పేర్చినట్టు సన్నని కడ్డీలు కనిపిస్తాయి. దాన్ని నీడిల్ బేరింగు అంటారుట. కొన్ని బళ్ళలో ఆ కడ్డీలు చేతిలోకి విడివిడిగా రాలిపోతాయి. అవి లెక్కపెట్టడం నా పని. పాత గ్రీజంతా డీజిలుతో కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, తుప్పు మచ్చ ఏదన్నా ఉందేమో వెలుతురులో పెట్టి చూసి, అప్పుడు కొత్త గ్రీజు పెడతాడు. పైపైన పూస్తే చాలదు. గుత్తివంకాయలో కారం కూరినట్టు వేలితో కడ్డీల సందుల్లోకి కూరాలి. రబ్బరు సీళ్ళ అంచుకి కూడా కాస్త రాసి, బోల్టులు మళ్ళీ ఎక్కించి, మాన్యువల్లో ఎంత బిగువు రాశారో అంతే బిగించాలి. పొద్దున్న కూర్చుంటే భోజనాల వేళ దాటుతుంది.

గ్రీజంటే నేను చాలాకాలం చిక్కటి నూనె అనే అనుకునేదాన్ని. కాదుట, అది నూనెలో సబ్బు. మనం ఒంటికి రుద్దుకునేది సోడియంతో చేసిన సబ్బయితే, ఇందులోది ఎక్కువగా లిథియంతోనో కాల్షియంతోనో చేసిన సబ్బు. అది స్పాంజిలా నూనెని పట్టి ఉంచుకుని, రాపిడి ఉన్నచోట కాస్త కాస్త వదులుతుంది. అంతేకాదు, లోపలికి నీళ్ళు చొరబడకుండా అడ్డం నిలబడుతుంది. ఆవకాయ కలిపిన మూడోనాడు ముక్కల మీదికి నూనె తేలిందా లేదా అని జాడీలోకి తొంగిచూసే మనకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కరలేదు. పైన నూనె ఉన్నంతకాలం లోపలి సరుకు క్షేమం.

మరి ఆ గ్రీజు పెట్టకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. ఆ నెలా అవదు, ఆ ఏడూ అవదు. బండి నడుస్తూనే ఉంటుంది. లోపల కీలు కొద్దికొద్దిగా బిగుసుకుంటూ ఉంటుంది. గతుకులో పడ్డప్పుడు నడుముకి కాస్త గట్టిగా తగులుతుంది. నడిపేవాడు బండిని అనుమానించడు, రోడ్డు పాడైపోయిందనుకుంటాడు. మా రోడ్లని అనుమానించడానికి కారణాలు వెతుక్కోవాలా ఏమన్నానా! కొన్నాళ్ళకి ఆ దెబ్బే అలవాటైపోతుంది. చివరికి ఎప్పుడో విప్పబోతే బోల్టు గొట్టంలో తుప్పుపట్టి అతుక్కుపోయి, సుత్తి దెబ్బలకి గాని, మంట పెట్టి కాలిస్తే గాని రాదు. ఆటోనగర్‌లో ఒక ముసలి మెకానిక్కు ఈ మాటే చెప్పాడు: “సప్పుడు సేసీ బండైతే ఎవులైనా అట్టుకొస్తారమ్మా. సప్పుడు సెయ్యనిదానితోనే సిక్కు.”

ఆ మాట నన్ను వదలలేదు. మనం ఎవరిని పట్టించుకుంటున్నాం? చప్పుడు చేసేవాళ్ళని. ముగ్గురు పిల్లల్లో ఏడ్చి గోల చేసే వాడికి ముందు పళ్ళెం పెడతాం. మౌనంగా కూర్చున్న నడిపిది ‘బంగారు తల్లి, దాని గొడవే లేదు’ అనిపించుకుంటుంది. ఆ మెచ్చుకోలుతోనే దాని కడుపు నింపేస్తాం. అడగనివాళ్ళకి మనం బాకీ ఉన్నామా, లేమా? ఇదీ నా సందేహం.

‘అడగందే అమ్మయినా పెట్టదు’ అని ఇంకో సామెత సిద్ధంగా ఉంది. అది తీసిపారేయవలసిన మాటేం కాదు. మా గాజువాకకి ఈ రూపు వచ్చిందే అడగడం వల్ల. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా అడిగింది. అమృతరావుగారు నిరాహారదీక్ష పట్టారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పుడు గాని 1970 ఏప్రిల్లో ఇందిరాగాంధీ ఫ్యాక్టరీ ఇస్తామని ప్రకటించలేదు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగితే, జాతికి అంకితమయ్యేసరికి 1992 ఆగస్టు వచ్చింది. కాబట్టి నోరున్న మనిషి అడగవలసిందే. ఆడపిల్లకి ‘అడక్కు, సర్దుకుపో’ అని నేర్పడం గొప్ప పెంపకమని నేను ఒప్పుకోను.

కాని రావడం వేరు, వచ్చినదాన్ని నిలుపుకోవడం వేరు. ఆ ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్టు ఫర్నేసులు మూడింటికీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. ఆ అన్నపూర్ణమ్మ నోరు తెరిచి అడిగేదాకా ఊరుకుంటే ఏమవుతుందో అక్కడ పనిచేసేవాళ్ళని అడగండి. ఫలానా యంత్రం ఫలానా రోజున ఆపి విప్పి చూడాలని ముందే రాసి పెట్టుకుంటారు. బాగా నడుస్తోంది కదా అని వదిలెయ్యరు. బాగా నడుస్తున్నప్పుడే చూస్తారు.

ఇంకో సంగతి ఉంది. అడగడం కూడా ఒక కీలే. వాడకపోతే అదీ బిగుసుకుపోతుంది. నలభై ఏళ్ళు ఏమీ అడగని మనిషిని ఇవాళ కూర్చోబెట్టి ‘మీకేం కావాలి?’ అంటే ఏం చెబుతుంది పాపం?

మా అత్తగారు అలాంటి మనిషి. ఎప్పుడడిగినా “నాకేం, నిక్షేపంలా ఉన్నాను” అనేవారు. మూడేళ్ళ కిందట గ్రీజు పని పూర్తయిన సాయంత్రం మా మరిది చేతులు కడుక్కుంటూ, “వదినా, బండికైతే ఏడాదికోసారి అని పెట్టుకున్నాం, అమ్మకి ఏం పెట్టుకున్నాం?” అన్నాడు. మాటల మీద మాటై, మర్నాడే కేలండర్లో రాసేశాం - కళ్ళు, రక్తపోటు, చక్కెర, పళ్ళు. ఆవిడ ససేమిరా అన్నారు. “నేనడిగానా?” అన్నారు. “అడగలేదనే అమ్మా” అన్నాడు మా మరిది.

కళ్ళ డాక్టరు చూసి నీటికాసులు అన్నారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు. మామూలుగా వచ్చే రకంలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు ముందు పక్కలనించి తగ్గుతూ వస్తుంది. ఎదటి మనిషి మొహం స్పష్టంగానే కనిపిస్తుంది కాబట్టి ఏదో పోతోందని తెలియదు. గడపా గుమ్మం తగులుతుంటే వెలుతురు చాలలేదనుకుంటారు, అచ్చం రోడ్డు బాగాలేదనుకున్నట్టే. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదాన్ని మాత్రం చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. మా అత్తగారు ఆ చుక్కలు పూట తప్పకుండా వేయించుకుంటున్నారు, ఇవాళ్టికీ పేపరు చదువుతున్నారు. ఇది కుటుంబాల్లో కూడా నడుస్తుందని చెప్పి డాక్టరు అన్నదమ్ములిద్దరి కళ్ళూ చూశారు. నలభై దాటిన మీరూ, మీ వాళ్ళూ ఒకసారి చూపించుకోండి. ఆ పరీక్షకి నొప్పేమీ ఉండదు.

ఈ సంగతి చెబితే మా పక్కింటావిడ మొహం చిట్లించింది. “ఏమో బాబూ, ప్రేమ అనేది మనసులోంచి రావాలి గాని కేలండర్ చూసుకుని పెడితే అది ప్రేమవుతుందా? యంత్రంలా ఉండదూ?” అంది. కొట్టిపారెయ్యవలసిన మాట కాదు. నేనూ చాలాసేపు ఆలోచించాను.

మనసులోంచి వచ్చే ప్రేమకి ఒక లోపం ఉంది. ఎదటివాళ్ళ కన్నీళ్ళు కనబడితే గాని అది కదలదు. పైగా మన తలనొప్పికీ, చిరాకుకీ, గ్యాస్ అయిపోయిన రోజుకీ లోబడి ఉంటుంది. కేలండరుకి ఆ బాధ లేదు. సాయంకాలం దేవుడి దగ్గర దీపం పెడతాం. ఆయన చీకటిగా ఉందని అడిగాడా? రోజూ మనకి భక్తి పొంగుకొచ్చే పెడుతున్నామా? వేళయింది కాబట్టి పెడతాం. అలా పెట్టగా పెట్టగా ఒకనాడు నిజంగానే మనసు నిలుస్తుంది. వంతు ప్రకారం చూసుకోవడం ప్రేమ కంటే తక్కువదని నాకు తోచదు. జాలి అడిగినవాళ్ళకే అందుతుంది. వంతు అడగనివాళ్ళకి కూడా అందుతుంది. న్యాయమంటే అదే కాబోలు.

అయితే దీన్లో మెప్పు మాత్రం ఆశించకూడదు. విరిగిన బండిని బాగుచేసిన మెకానిక్కుని లోకం మెచ్చుకుంటుంది. విరక్కుండా చూసినవాణ్ణి ఏమని మెచ్చుకుంటారు? జరగనిదాన్ని ఎవరికి చూపించగలం? ఇంటి పని చేసే ఆడవాళ్ళకి ఈ కష్టం కొత్తదేం కాదు. చీమ పట్టని పంచదార డబ్బానీ, బూజు పట్టని పప్పునీ చూసి ఇంతవరకూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మీ వంటింటి గోడకి తెలుగు కేలండరు ఉండే ఉంటుంది. పాలు రాని రోజులకి సున్నా చుట్టి, గ్యాస్ వచ్చిన తేదీ రాసి ఉంటారు. దాంట్లోనే, మీ ఇంట్లో చప్పుడు చెయ్యనివాళ్ళెవరో తలుచుకుని, ఒక్కొక్కరి పేరు ఒక్కొక్క నెలలో రాయండి. మామగారి చెవులు, నడిపిదాని చదువు, పనిచేసే అమ్మాయి జీతం పెంచి ఎన్నాళ్ళయిందో, ఊళ్ళో ఒంటరిగా ఉన్న పిన్నిగారికి ఉత్తరమో ఫోనో. మీ పేరు రాసుకోవడానికి సిగ్గుపడతారని నాకు తెలుసు. అందుకే, మీ వారినే రాయమనండి. ఏ నెలలో అన్నది మాత్రం మీరే చెప్పండి. అడగడం కూడా కాస్త అలవాటవ్వాలి కదా!